ఆరో బాక్సు

"ఎక్కి చూస్తారా మేడమ్, కింద నుంచే కనిపెడతారా?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఓబిలేష్, నిచ్చెనను బూటు కాలితో ముందుకు తోసి.

 జయంతి చెప్పులు విడిచి, చున్నీ నడుముకు చుట్టుకొని నిచ్చెన ఎక్కింది.

బుక్కరాయసముద్రంలో పట్టుచీరల వ్యాపారి లింగప్ప ఇంటి కింద ఉన్న కారు షెడ్డు అది. మంగళవారం పొద్దున ఇక్కడే అతని శవం దొరికింది. తల వెనక ఒకటే దెబ్బ. సోమవారం సాయంత్రం ఐదుకూ ఏడుకూ మధ్య కొట్టి ఉంటారనీ, ప్రాణం వెంటనే పోలేదనీ, చాలాసేపు పిలుస్తూనే ఉండి ఉంటాడనీ డాక్టరు చెప్పాడు. శవాన్ని మొదట చూసినవాడు, మిగిలిన సామాన్ల కోసం పొద్దున్నే వచ్చిన బత్తలపల్లె ఎలక్ట్రీషియన్ రంజాన్. బతికి ఉన్నాడేమోనని ఎత్తి పట్టుకున్నాడు. చొక్కా నిండా నెత్తురు. సోమవారమంతా ఈ షెడ్డులో పని చేసిందీ అతనొక్కడే. ఆ రెండు సంగతులూ చాలనుకున్నాడు ఓబిలేష్. ఈరోజు గురువారం. పోలీసు కస్టడీ రేపటితో ముగుస్తుంది. ఆ తరువాత రంజాన్ జైలుకు వెళ్తాడు. బెయిలు కోసం తిరిగే మనిషి గానీ, తిరిగే శక్తి గానీ ఆ ఇంట్లో లేవు.

రంజాన్ భార్య హసీనా నిన్న సాయంత్రం అనంతపురంలో జయంతి డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూర్చొని ఒకే మాట చెప్పింది: "సీలింగు చూడండి మేడమ్. అంతే. సీలింగు ఒక్కటి చూడండి."

రంజాన్ వాదన చిన్నది. ఐదు దాటాక పని ముగించి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పటికి లింగప్ప బతికే ఉన్నాడు. తమ్ముడు సుంకప్పతో మాటామాటా అనుకుంటున్నాడు. సుంకప్ప చెప్పేది వేరు. సోమవారం పొద్దుటి నుంచి కదిరి మార్కెట్టులో ఉన్నాడట, రాత్రి బస్సుకు ఇల్లు చేరాడట. అతన్ని పొద్దున కదిరిలో చూసినవాళ్లు ఉన్నారు, సాయంత్రం చూసినవాళ్లు లేరు. కానీ సాయంత్రం బుక్కరాయసముద్రంలో చూసినవాళ్లు కూడా లేరు, రంజాన్ తప్ప. షెడ్డు పై భాగంలో సుంకప్ప కాపురం. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది అతని భార్య చౌడేశ్వరి ఒక్కతే. కింద ఏ చప్పుడూ వినలేదని ఆమె వాంగ్మూలం. అంటే గొడవే జరగలేదని పోలీసుల లెక్క.

అన్నదమ్ముల మధ్య గొడవ కూడా చప్పుడు గురించే. లింగప్ప షెడ్డులో రెండు పవర్‌లూమ్ మగ్గాలు దించాడు. వాటి మోతకు పైన పడుకోలేకపోతున్నామని తమ్ముడు గొడవ చేస్తే, మోత పైకి పోకుండా సీలింగు వేయించే పని రంజాన్‌కు అప్పగించాడు.

జయంతికి సీలింగులు కొత్త కాదు. ఇన్సూరెన్సు కంపెనీలో పదేళ్లు అగ్నిప్రమాదాల సర్వేయరుగా కాలిన సీలింగులు విప్పి చూడటమే ఆమె పని. ఇక్కడ పైన ఉన్నది తాడిపత్రి బండల మిద్దె. బండకూ బండకూ మధ్య సందులుంటాయి. దాని కింద ఇనుప చట్రం వేలాడదీసి, లోపల దూది లాంటి రాక్‌ఊల్ కూరి, జిప్సం బోర్డు బిగించాడు రంజాన్. ఆ బోర్డు మీద ఇంకో బోర్డు. చిక్కంతా రెండో బోర్డుతోనే వస్తుంది. లైట్ల బాక్సులు మొదటి బోర్డు మట్టానికి అమర్చి ఉంటాయి. రెండో పొర వేయగానే అవి అరంగుళం లోపలికి మునిగిపోతాయి. వాటిని కొత్త మట్టానికి తేవాలంటే ఒక్కో బాక్సుకూ పొడిగింపు రింగు బిగించి, చుట్టూ మిగిలిన సందును పుట్టీతో మూయాలి. గోడలకు పూసే పుట్టీ కాదు, ఎన్నేళ్లయినా ఎండని, రబ్బరు లాంటి పుట్టీ. అది మానేస్తే రెండు పొరల ఖర్చూ వృథా. శబ్దానికి గుమ్మం అక్కర్లేదు, వేలు దూరేంత సందు చాలు.

మొదటి బాక్సు మూత విప్పింది. రింగు ఉంది, బోర్డు మట్టానికి సరిగ్గా. చుట్టూ పుట్టీ, వేలితో నునుపుగా దిద్దినట్టు. రెండోది అలాగే. మూడు, నాలుగు, ఐదు.

"పని బాగా చేసినాడు కదా?" అన్నాడు ఓబిలేష్ కింద నుంచి. "చేస్తాడు. మా ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆయప్పే బిగించినాడు. నాకు ఆయప్ప మీద పగేం లేదు మేడమ్. మీరు అట్ల చూడొద్దండి."

"నేను సీలింగు చూస్తున్నాను," అంది జయంతి.

ఆరో బాక్సు మూల మగ్గం పైన ఉంది. పై వంటింట్లోని మీటరు నుంచి వైరు పైపు బండల సందులోంచి ఇందులోకే దిగుతుంది. మూత విప్పింది. రింగు లేదు. బాక్సు అరంగుళం లోపల మునిగి ఉంది. చుట్టూ నల్లని సందు. పైపు మూతి బోసిగా, తెరిచిన నోరులా ఉంది. పుట్టీ కొంచెం కూడా లేదు.

 ఆమె మనసు తేలికపడింది. ఆ తేలికను ఆమె నమ్మలేదు. కోరుకున్నది కోరుకున్న చోటే దొరికినప్పుడు జాగ్రత్తపడాలని ఉద్యోగం నేర్పింది.

ఓబిలేష్‌ను కూడా ఎక్కించి చూపించి, మూత మళ్లీ బిగించి దిగింది. "నేను పైకి వెళ్తాను. మీరు ఇక్కడ నిలబడి మామూలుగా మాట్లాడండి."

"ఏం మాట్లాడాల?"

"మీ ఇష్టం."

పైన వంటింట్లో చౌడేశ్వరి గోడకు ఆనుకొని నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. ఆమె ముందు చాటలో ఒలిచిన చెనక్కాయలు, పక్కన పొట్టు. జయంతి ఏమీ అడగకుండా నేల మీద కూర్చుంది. క్షణం తరువాత బండల కింద నుంచి ఓబిలేష్ గొంతు, పక్కగదిలో ఉన్నట్టు వచ్చింది.

"ఒకటి. రెండు. మూడు. చాలా? ఇనబడతాదంటావా ఏమప్పా?" ఎవరో కానిస్టేబుల్ నవ్వాడు. "ఇన్సూరెన్సు కంపెనీ వద్దనింటాది. ఊరికే కూచోలేక డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నట్లుండాది. పాపం, మనమీదికొచ్చి పడింది."

జయంతి చౌడేశ్వరి ముఖం చూసింది. భయం కనిపిస్తుందనుకుంది. కనిపించింది భయం కాదు.

"ఇదేంది మేడమ్," అంది చౌడేశ్వరి మెల్లగా. "ఈ పొద్దు ఇట్ల ఇనబడతాండాది?"

"సోమవారం వినబడలేదా?"

"లేదు. మా బావ మీద ఒట్టు. సాయంత్రమంతా నేను ఈడే ఉంటి. ఈ సందు మీదనే కూచోని చెనక్కాయలు ఒలుస్తాంటి. మగ్గాలు ఆడిస్తాంటే గూడా సన్నగా గాలి మాదిరి తప్ప ఏం రాలే. మా బావ పైకొచ్చి అడిగిపోయినాడు, 'ఏం చౌడమ్మా, ఇంగ నిద్ర పడతాదా' అని." ఆమె చాట దూరంగా నెట్టింది. "డాక్టరు చెప్పినాడంట, శానా సేపు పిలిచినాడని. నిజమేనా మేడమ్? ఆయప్ప కింద పిలుస్తాంటే నేను ఈడ కాయలు ఒలుస్తా ఉంటినా?"



"మీ ఆయన సోమవారం సాయంత్రం షెడ్డుకు వచ్చాడా?"

"నేను చూళ్లే."

"రాలేదనడం వేరు, చూడలేదనడం వేరు."

"చూళ్లే అంటాండా," అంది చౌడేశ్వరి, తల వంచుకొని. "చూసినంత మటుకే చెప్పగలను."

అబద్ధం చెప్పే మనిషి అంత జాగ్రత్తగా తన మాటకు హద్దు గీసుకోదు. మెట్లు దిగుతుంటే జయంతికి ఆ ఆలోచన చల్లగా తగిలింది. ఈమె చెప్పింది నిజమైతే సోమవారం సాయంత్రం ఆ సందు లేదు.

కింద ఓబిలేష్ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఇనబడిందా?"

"వినబడింది. కంపెనీ వద్దనలేదు. నేనే మానుకున్నాను."

కానిస్టేబుల్ గోడ వైపు తిరిగాడు. ఓబిలేష్ ముఖం ఎర్రబడినా గొంతు మారలేదు. "సరే. ఇనబడుతుంది. మీ వాడు ఒక బాక్సు సగంలో వదిలేసినాడు. దాంతో ఏమైతుంది? ఇనబడేంత సందుంటే విన్నట్లేనా? పోనీ, ఆయమ్మ అబద్ధం చెప్పిందనే అనుకుందాం. సుంకప్ప ఈడికి వచ్చినాడనేదానికి రుజువేది? రంజాన్ మాట. నెత్తురు ఎవరి చొక్కాకు ఉండాది? రంజాన్ చొక్కాకు. మీరు నా సాక్షిని పడగొట్టినారు గానీ, మీ వాన్ని నిలబెట్టలేదు."

అతను చెప్పింది సరైన మాట. విరోధి నోట వచ్చినంత మాత్రాన తర్కం చెడిపోదు.

ఆమె మళ్లీ నిచ్చెన ఎక్కింది. ఈసారి ఆరో బాక్సును టార్చితో చూసింది. బాక్సు చెవుల్లోని స్క్రూ రంధ్రాల మర తళతళలాడుతోంది. ఇటీవల స్క్రూ ఎక్కి, మళ్లీ దిగిన మర అది. బోర్డు అంచున కాగితం మీద నూనె మరకలా సన్నని వలయం. ఎండని పుట్టీ అంటుకొని ఉన్న చోట మిగిలే గుర్తు. రింగు ఉండింది, పుట్టీ ఉండింది. ఎవరో రెండూ తీసేశారు.

"ఏం చూస్తాండారు అంతసేపు?"

"రంజాన్‌తో మాట్లాడాలి," అంది జయంతి.

"మాట్లాడండి. నా ముందరే."

*

స్టేషనులో రంజాన్ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, సన్నని చేతులు, పెదవులు పగిలి ఉన్నాయి. ఓబిలేష్‌ను చూసి లేవబోతే కూర్చోమని సైగ చేశాడు ఇన్‌స్పెక్టరు. తను టేబుల్ అంచున కూర్చున్నాడు. జయంతి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"రంజాన్, సీలింగుకు ఎన్ని బాక్సులు?"

"ఆరు మేడమ్."

"ఎన్నింటికి రింగులు బిగించావు?"

"ఆరింటికీ."

"ఒకదానికి లేదప్పా," అన్నాడు ఓబిలేష్. "కండ్లార చూసినాం. ఏం, మేమిద్దరం గుడ్డోళ్లమా?"

"ఉండాది సార్. ఆరింటికీ పెట్టినా."

జయంతి ముందుకు వంగింది. "చూడు. రోజంతా తల పైకెత్తి చేసిన పని. ఆఖరి బాక్సు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ ఒక్కటి రేపు చూద్దామని మూత పెట్టి వెళ్లి ఉండొచ్చు. ఎవరికైనా జరుగుతుంది. అలా జరిగి ఉంటే చౌడేశ్వరి మాట నిలబడదు. నీకు మంచిది."

చెప్పాక ఆమెకు తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. అది ప్రశ్న కాదు. అబద్ధాన్ని మడిచి, అతని చేతికి అందించడం. పక్కన ఓబిలేష్ ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో ఎగతాళి లేదు. అతనికీ ఆ పని తెలుసు.

 ఆమె ఏమి ఇస్తున్నదో రంజాన్‌కు అర్థమైనట్టే ఉంది.

"వదల్లే మేడమ్," అన్నాడు. "ఎట్ల వదుల్తాను? మీటరు పైపు దిగేది దాంట్లోకే. అది ఒక్కటి వదిలితే తక్కిన ఐదూ మూసి ఏం లాభం? దానికే ఎక్కువ పుట్టీ పెట్టినా. నమ్మకుంటే ఇప్పి చూడండి. దాని మీద సుంకప్ప ఏలు గూడా ఉండాది."



"ఏలేంది?" అన్నాడు ఓబిలేష్.

"బొటనేలు సార్. నేను ఆరోది పూసి, మగ్గాలు ఆడించి చూసినాక ఆయప్ప వచ్చినాడు. లింగప్పన్న పిలిచి, 'నీకోసరమే ఇంత చేపిస్తాండా, ఎక్కి చూడు' అన్నాడు. ఆయప్ప స్టూలెక్కి బొటనేలు పెట్టి గట్టిగా నొక్కినాడు. 'ఇది ఎండదా' అన్నాడు. 'ఎండదన్నా, ఎన్నేండ్లయినా ఇట్లనే మెత్తగా ఉంటాది' అంటి. గోరు గూడా దిగింది. సదును చేద్దామనుకుంటి. అంతలోనే అన్నదమ్ములు మొదలుపెట్టిరి. నా ముందర ఇంట్లో మాటలు ఎందుకని మూత బిగించి వచ్చేస్తి. మూత దానికి తగల్దు సార్, గుంత మాదిరి ఉంటాది లోపల."

"ఈ మాట ఇన్ని దినాల నుంచి ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"సుంకప్ప వచ్చినాడని మొదటి దినం నుంచీ చెప్తానే ఉండా సార్. ఏలు పెట్టినాడా అని మీరు అడగలే."

ఓబిలేష్ టేబుల్ మీద నుంచి లేచాడు. అతని ముఖంలో మొదటిసారి ఒక పోలీసు కనిపించాడు, కేసు ముగించుకొని ఇంటికి పోవాలనుకునే ఉద్యోగి కాదు. "పొద్దున మనం చూసినప్పుడు ఆ బాక్సుకు పుట్టీ లేదు."

"లేదు," అంది జయంతి. "ఉండింది. తీశారు. రింగు కూడా తీశారు. స్క్రూ రంధ్రాలు చూశాను."

"ఎవరు తీస్తారు? ఎవరి ఏలుందో వాడే." అతను తలుపు వైపు నడుస్తూనే ఆగాడు. "నేను షెడ్డుకు సీలు వేయించింది బుధవారం మధ్యాహ్నం. అంతకు ముందర ఒక దినమంతా తెరిచే ఉండె. తప్పు నాదే. ఏమప్పా, ఆ మధ్యలో షెడ్డులోకి ఎవరెవరు పోయినారు?"

తలుపు దగ్గరి కానిస్టేబుల్ ఆలోచించాడు. "కాపలా నేనే ఉంటి సార్. సుంకప్ప ఇల్లే కదా, ఎనక వాకిలి నుంచి ఎప్పుడన్నా పోయుండొచ్చు. బయటోళ్లయితే ఎవురూ లేరు. ఈయప్ప పెండ్లాం ఒగతి బుధారం పొద్దున వచ్చి, సామాన్లు తీసుకుంటానని ఏడిస్తే పంపిస్తి. టూల్సు డబ్బా తీసుకొని పోయింది. అంతే."

"సుంకప్ప," అన్నాడు ఓబిలేష్, ఆ ఒక్క పేరే విన్నవాడిలా. "ఇంట్లో ఉన్నాడేమో చూడు. జీపు తీయమను. వేలిముద్రల వాళ్లకు ఫోన్ చెయ్. బాక్సు, మూత, స్క్రూలు, అన్నీ చూడాల వాళ్లు." రంజాన్ వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి, మింగి, "నీళ్లు తాగినావా?" అని మాత్రం అడిగాడు.

రంజాన్ తల ఊపాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు రోజుల్లో మొదటిసారి అతను గోడను వదిలి నిటారుగా కూర్చున్నాడు.

జయంతి ఆ కళ్లను చూడలేకపోయింది. లేచి బయటికి నడిచింది.

*

హసీనా కాంపౌండు గోడ నీడలో కూర్చొని ఉంది. ఒళ్లో గుడ్డసంచి. జయంతిని చూసి లేచింది. ఆమె చూపులో భయం కంటే ఆత్రం ఎక్కువగా ఉంది.

"చూసినారా మేడమ్? ఇనబడిందా పైకి?"

"వినబడింది."

"నేను చెప్పలే?" హసీనా ఊపిరి వదిలింది. "ఇంగ ఆయమ్మ ఇనలేదంటే ఎవురు నమ్ముతారు?"

"హసీనా, ఆరో బాక్సుకు ఉన్న రింగు ఎక్కడ?"

  హసీనా తల దించుకుంది. "డబ్బాలో ఉండాది. ఆయనకు తెలీదు. ఆయన్ని ఏమనొద్దండి. ఆ వాకిలి కాడ పోలీసాయప్ప మాట్లాడతాంటే ఇన్నా, పైన ఆయమ్మకు ఏం ఇనబళ్లేదు కాబట్టి ఎవురూ రాలేదని రాసుకున్నారంట. మా ఇంటాయన పని అంత బాగుండబట్టే ఆయన మీదికి వచ్చిందని అర్థమైంది నాకు. పెండ్లయినప్పటి నుంచి నిచ్చెన పట్టుకుంటాండా మేడమ్. పుట్టీ పిసికిచ్చేది నేనే. యాడ ఇప్పితే మోత పోతాదో నాకు తెలుసు. ఒకటి ఇప్పినా. అంతే చేసినా."

"పుట్టీ ఏం చేశావు?"

"పారెయ్యలే మేడమ్," అంది హసీనా, ఆ ఒక్క విషయంలోనైనా తన తప్పు లేదన్నట్టు. సంచిలో చెయ్యి పెట్టి పాలిథిన్ కవరు తీసింది. "ఈ పుట్టీ ఊర్లో దొరకదు, బెంగుళూరు నుంచి తెప్పిచ్చాడు. కొంచెం నేలపాలైతే గూడా ఊరుకోడు. వదిలేస్తే దుమ్ము పడతాదని బాగా పిసికి ఉండ చేసి పెట్టినా. మళ్లా పనికొస్తాది కదా."

జయంతి ఆ ఉండను అందుకుంది. నిమ్మకాయంత ఉంది. అరచేతి వేడికి ఇంకా మెత్తబడింది. తిప్పి చూసింది. అన్ని వైపులా గీతలే, అన్నీ ఒక ఆడమనిషి సన్నని వేళ్ల గీతలు. ఒకదాని మీద ఒకటి, ముందరిదాన్ని చెరిపేస్తూ. వాటి అడుగున ఎక్కడో ఒక మగవాడి బొటనవేలు, గోరు దిగిన గుర్తుతో సహా, రెండు రాత్రులు చెక్కుచెదరకుండా ఉండింది. భర్తను బయటికి తెచ్చే వస్తువు లోకంలో అదొక్కటే. దాన్ని వెతికి, విప్పి, పిసికి పోగొట్టింది అతన్ని అందరికంటే ఎక్కువగా కోరుకున్న మనిషే.

గేటు దగ్గర జీపు స్టార్టయింది. ముందు సీట్లో ఓబిలేష్ ఎవరికో ఫోనులో, "పుట్టీ వాడే పీకేసినాడు, ఇంగ తప్పించుకోలేడు," అంటున్నాడు. జీపు పోతున్నది సరైన మనిషి కోసమే. అందులో జయంతికి అనుమానం లేదు. కానీ ఆ బాక్సు మీద, మూత మీద, ప్రతి స్క్రూ తల మీద వాళ్లకు దొరికేది సుంకప్ప వేలు కాదు, హసీనా వేళ్లు. దొరికిన క్షణం నుంచి రంజాన్ చెప్పిన బొటనవేలు కట్టుకథ అవుతుంది. భార్య సాక్ష్యం మార్చిన తోడుదొంగ అవుతుంది. నోరు మూసుకుంటే ఈ సాయంత్రం వరకు ఆ ఇంటికి ఆశ ఉంటుంది. నోరు తెరిస్తే అదీ ఉండదు. రెండు దారులూ ఒకే చోటికి పోతున్నాయి. ఒకదానిలో జయంతి అబద్ధం కూడా తోడవుతుంది, అంతే తేడా.

"పనికొస్తాది కదా మేడమ్?" అంది హసీనా మళ్లీ. "నేను చేసింది ఆయనకు పనికొస్తాది కదా?"

జయంతి ఉండను కవరులో పెట్టి, ముడి వేసి, గేటు వైపు నడిచింది.  

"ఓబిలేష్ గారూ, జీపు ఆపండి."